అరోరాకి వచ్చే పోటు

పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని రాగిణి బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చునేది. సముద్రపు పోటు వచ్చేలోపు వాషింగ్ మెషీన్‌లో బట్టలు తీసేయాలి కదా మరి! అడుగు మెట్టు తడిసిందంటే ఆ పూటకి ఇక ఆ మెషీన్ జోలికి పోవడం దండగ. పైజామా పైకి మడుచుకుని, బట్టల బుట్ట చంకనెట్టుకుని, కింద గదిలో ఉన్న లోపెటిని కేకేసేది, నీ సముద్రం వచ్చేస్తోంది తమ్ముడూ, బూట్లు పైన పెట్టుకో అని.

లోపెటి టోంగా మనిషి. పసిఫిక్ మధ్యలో హాపయి దీవుల్లో పుట్టాడు. రగ్బీ ఆటగాడు. హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికా ఫుట్‌బాల్ కాదండోయ్, ఇది ఉత్త తలకాయలతో ఆడేది. అందులో స్క్రమ్ అని ఒకటుంటుంది. ఇటు వాళ్ళూ అటు వాళ్ళూ వంగి, తలలు దూర్చి, ఎద్దుల్లా ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటారు. ఆ తోపులాటలో ముందు వరుస ఇతగాడిది. చూస్తే కొండంత మనిషి, మాట మాత్రం మెత్తన.

ఇతని ఆట చూసి చిన్నప్పుడే ఓ న్యూజిలాండ్ స్కూలు వాళ్ళు తీసుకెళ్ళారు. వెనకే పోటూ వెళ్ళింది. వాళ్ళ దీవిలో ఎన్నింటికొస్తే, ఇతనున్న చోట అన్నింటికే చీలమండల దాకా నీళ్ళొచ్చి, కాసేపుండి, నాలుగు గవ్వలు వదిలి వెళ్ళిపోయేవి. హాస్టల్ వార్డెన్ ఏమీ అనకుండా చేతికో తుడుపుకర్ర ఇచ్చాడు. తర్వాత ఫ్రాన్స్‌లో ఓ క్లబ్బుకి ఆడేటప్పుడు పక్కింటి ద్రాక్షతోట ఆసామి, ఉప్పుకి తీగలు పాడవుతాయని నసిగి నసిగి ఇల్లు మార్పించాడు. జపాన్‌లో అపార్ట్‌మెంట్ వాళ్ళు లిఫ్ట్ పక్కన పోటు వేళలు అతికించి, గవ్వలన్నీ వరసగా పేర్చి వెళ్ళేవాళ్ళు. అలా దేశాలన్నీ తిరిగి, మోకాళ్ళు అరిగాక, షికాగో దగ్గర ఫాక్స్ రివర్ జట్టు పిలిస్తే భార్య సేలాతో, నెలల పిల్ల ఓఫాతో అరోరా చేరాడు.

ఆ జట్టుకి ఫిజియోథెరపిస్ట్ మన రాగిణి. కూతురు వర్ష కాలేజీకి వెళ్ళాక బేస్‌మెంట్ ఖాళీగా ఉంది. నీళ్ళొచ్చే మనిషికి ఎవరూ ఇల్లివ్వడం లేదని తెలిసి, మా ఇంట్లో ఉండండి అనేసింది. ఆమెది ఉప్పాడ. ఉప్పు గాలి తగిలి ఎన్నేళ్ళయిందో! నల్గొండ నుంచి వచ్చిన ఆమె మొగుడు ఫణి మాత్రం పెద్ద పంపు ఒకటి తెచ్చి బిగించాడు. వారం తోడి చూసి, సముద్రం ముందు మనమెంత అని దాన్ని గరాజ్‌లో పడేసి, కార్పెట్ పీకించి టైల్స్ వేయించాడు.

మాఘ పౌర్ణమి వచ్చిందంటే ఆ ఇంటి ముందు కార్లే కార్లు. ఇల్లినాయిలో సముద్ర స్నానం ఇంకెక్కడ దొరుకుతుంది? గుడి దగ్గరి ఆడవాళ్ళంతా పసుపూ కుంకుమలతో దిగిపోయేవారు. మోకాళ్ళు వంగని లక్ష్మీకాంతంగారిని లోపెటి రెండు చేతుల మీద ఎత్తుకుని మెట్లు దింపేవాడు. ఆవిడ సిగ్గుపడుతూనే, నా కొడుకు కూడా ఇలా ఎత్తుకోలేదయ్యా అనేది.

ఓఫా మొదటి పుట్టినరోజు చర్చి హాల్లో చేశారు. టోంగా వాళ్ళకది పెళ్ళంత పెద్ద పండగ. ఆ రోజు మేనత్తని పై చోటున కూర్చోబెట్టి, చాపలూ బట్టలూ పెట్టి, అందరికంటే ముందు ఆమెకే వడ్డిస్తారు. లోపెటికి తోడబుట్టిన ఆడపిల్ల లేదు. నువ్వు కూర్చుంటావా అక్కా అని అడిగాడు. మావైపు ఆడపడుచు లాంఛనాల్లాంటివే కదా అనుకుని రాగిణి సంబరంగా కూర్చుంది. పెద్ద నేత చాప ఒకటి ఒళ్ళో పెట్టారు. దాన్ని తెచ్చి బీరువాలో పట్టుచీరల కింద దాచి మర్చిపోయింది. ఆ రోజు నుంచి మెట్ల మీద ఆమె కూర్చుంటే, లోపెటి ఎప్పుడూ ఒక మెట్టు కిందే కూర్చునేవాడు. మోకాళ్ళ నొప్పేమో అనుకుంది పిచ్చిది.

ఆ మరుసటి ఏడాది వసంతంలో పోటు ఆలస్యంగా రావడం మొదలైంది. మొదట కాస్త. తర్వాత పూటకి పూట ఎగ్గొట్టేది. ఓ సాయంత్రం పక్కింటి కేశవరావుగారు ఫోన్ చేశారు.

"అమ్మా రాగిణీ, మీ వాళ్ళ నీళ్ళు మా గరాజ్‌లోకి వచ్చాయి. కారు కింద పీతలు తిరుగుతున్నాయి."

ఆయన మామూలుగానే అన్నారు. రాగిణి మాత్రం ఆ రోజు నుంచి లోపెటిని కనిపెట్టి చూడసాగింది. లోపెటి కాఫీలో ఉప్పు వేసుకోవడం చూసింది. ఫణి పేరు అడగడం చూసింది, రోజూ పక్కన కూర్చుని టీవీ చూసే ఫణి పేరు! మరుసటి వారం పోటు ఇండియన్ గ్రోసరీ పార్కింగ్‌లో తేలింది. జనం చెప్పులు చేత్తో పట్టుకుని కొత్తిమీర కొనుక్కుని పోయారు. రాగిణి మాత్రం కార్లోనే కూర్చుండిపోయింది. ఆటలో అన్నేళ్ళు తల దెబ్బలు తిన్న మనిషి దారి మర్చిపోతుంటే, అతని వెనక వచ్చే సముద్రానికి దారెలా తెలుస్తుంది?

టీమ్ డాక్టర్‌కి చెప్పింది. జ్ఞాపకశక్తి పరీక్షలో పాసయ్యాడుగా అన్నాడాయన. ఆ పరీక్ష సంగతి రాగిణికి తెలీదా! సీజన్ మొదట్లో, బుర్ర బాగున్నప్పుడే ఒకసారి పెడతారు, అందులో ఆటగాళ్ళు కొందరు కావాలని తప్పులు చేస్తారు. తర్వాత దెబ్బ తగిలి నిజంగా తప్పులొచ్చినా తేడా కనబడదు. లోపెటీ అదే చేశాడు. నిలదీస్తే నవ్వి తల దించుకున్నాడు. సెమీ ఫైనల్లో మళ్ళీ తలకి తగిలింది. మళ్ళీ పాసయ్యాడు. శనివారం ఫైనల్.

గురువారం సాయంత్రం ఓఫాని డేకేర్ నుంచి తీసుకురావడానికి వెళ్ళినవాడు రాలేదు. ఫోన్ ఎత్తడు. సేలా పైకి పరిగెత్తుకొచ్చింది. ఇద్దరూ కార్లో బయల్దేరారు. వాన లేదు, రోడ్డు మాత్రం తడిసి ఉంది. మలుపు దగ్గర చిన్న గవ్వ కనిపించింది. రాగిణి ఆ తడి వెంటే పోనిచ్చింది.

దారిలో సేలా అంది, "నువ్వు చెప్పు అక్కా. నువ్వు చెబితేనే మానేస్తాడు."

"నేను చెప్పలేదా? ఎన్నిసార్లు చెప్పాను!"

"ఫిజియోగా చెప్పావు. మేనత్తగా చెప్పలేదు. ఆ చాప తీసుకున్నావుగా. మా వాళ్ళలో కోచ్ మాట దాటొచ్చు, నా మాటా దాటొచ్చు. మేనత్త మాట దాటకూడదు. అందుకేగా అతను నీకంటే కింద కూర్చునేది."

రాగిణికి బీరువాలోని చాప గుర్తొచ్చింది. లాంఛనం అనుకుని ఎంత బరువు ఒళ్ళోకి తీసుకుంది! వెంటనే ఇంకో సంగతీ తట్టింది. ఆట పోతే కాంట్రాక్ట్ పోతుంది, కాంట్రాక్ట్ పోతే వీసా పోతుంది. ఆ లెక్క అరోరాలో ఏ తెలుగింట్లో అడిగినా చెబుతారు. ఓఫా వెళ్ళిపోతుంది. పొద్దున్నే మెట్లెక్కుతూ వచ్చి, అత్తా అని మోకాలు పట్టుకునే పిల్ల. ఆ తలపుకే రాగిణికి ఏడుపొచ్చింది.

నది ఒడ్డున ఓ ఖాళీ పార్కింగ్‌లో కారు కనిపించింది. చుట్టూ ఉప్పునీళ్ళు. ఓఫా వెనక సీట్లో కాళ్ళాడిస్తూ బిస్కెట్ తింటోంది. లోపెటి స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని ముందుకు చూస్తున్నాడు. రాగిణి నీళ్ళలో నడిచి వెళ్ళి తలుపు తీసింది.

"అక్కా," అన్నాడు చిన్న గొంతుతో, "ఇల్లు ఎటు?"

ఆమె అతని తల మీద చెయ్యి వేసింది. ఎన్ని జట్ల వాళ్ళు గుద్దిన తల అది! అప్పుడు చెప్పింది. "నేను ఓఫా మేనత్తని చెబుతున్నాను. ఇక ఆడకు."

"శనివారం ఒక్కటి..."

"ఒక్కటీ వద్దు."

లోపెటి కారు దిగాడు. ఆ నీళ్ళలోనే ఆమెకంటే కింద కూర్చుని, మొహం చేతుల్లో దాచుకుని పసివాడిలా ఏడ్చాడు. సేలా ఓఫాని ఎత్తుకుని పక్కనే నిలబడింది. నీళ్ళు మెల్లగా తీశాయి.

శనివారం లోపెటి, టోంగా వాళ్ళు గౌరవంగా కట్టుకునే పద్ధతిలో నడుముకి చాప చుట్టుకుని, స్టాండ్స్‌లో రాగిణి కంటే కింది మెట్టు మీద కూర్చుని మ్యాచ్ చూశాడు. జట్టు ఓడిపోయింది. రాగిణిని తిట్టుకున్నవాళ్ళు తిట్టుకున్నారు.

ఎండాకాలం వెళ్ళేలోపు వాళ్ళూ వెళ్ళిపోయారు. ఎయిర్‌పోర్ట్‌లో ఓఫా ఎవరి మీదో అలిగి చెయ్యి కూడా ఊపలేదు. బేస్‌మెంట్ ఎండిపోయింది. కార్పెట్ వేయిద్దామా అని ఫణి అడిగితే రాగిణి కస్సుమంది. ఎవరూ లేని మెట్ల మీద కూర్చుని కాఫీ తాగడం మాత్రం మానలేదు. వీడియో కాల్‌లో లోపెటి బాగానే కనిపించేవాడు. దీవి పిల్లలకి బంతి పట్టుకోవడం నేర్పుతున్నాడట. ఒక్కోసారి మాత్రం ఆమె పేరు దగ్గర ఆగిపోయేవాడు. సేలా పక్కనుంచి అందించేది. ఆ రోజు రాగిణికి అన్నం సహించేది కాదు.

మాఘ పౌర్ణమి వచ్చింది. బయట మంచు. లక్ష్మీకాంతంగారు అలవాటు కొద్దీ తువ్వాలు భుజాన వేసుకుని దిగారు. పాపం, నీళ్ళు లేవని ఎలా చెప్పాలో తెలియక రాగిణి కాఫీ పెట్టిచ్చి, మెట్ల మీద పక్కనే కూర్చుంది. ఇద్దరూ లోపెటి గురించే మాట్లాడుకున్నారు. నన్నెత్తుకునేవాడు లేకపోయాక స్నానమేముంది లేమ్మా అందావిడ.

అప్పుడు ఉప్పు వాసన వచ్చింది. నీళ్ళు టైల్స్ మీదుగా తొందర లేకుండా పాక్కుంటూ వచ్చాయి. అడుగు మెట్టు తడిసింది. ఒక్కో మెట్టే ఎక్కి, రాగిణి పాదాల కింద, రోజూ లోపెటి కూర్చునే మెట్టు దాకా వచ్చి ఆగాయి.

"ఫణీ, ఇలా రా," అని పిలిచింది రాగిణి, కళ్ళు తుడుచుకుంటూ. "వాడికి దారి గుర్తుంది."

తర్వాత పైజామా మడుచుకుని, లక్ష్మీకాంతంగారి చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి దింపింది.