ఎదురు బాలింత

పురిటి గుడ్డలు మిషన్లో వెయ్యకూడదంట. మైలంట. వరండాలో ఏడు కేజీల వాషింగ్ మిషను పాత దుప్పటి కప్పుకుని కూర్చోనుంది. నేనేమో పొట్ట మీద కుట్లతో, నడుముకు చీరగుడ్డ బిగించి, చెవుల్లో దూది పెట్టుకుని, పెరట్లో పంపు కాడ పిల్లోడి గుడ్డలు బండమీద ఉతకతా ఉన్నాను. "బయటికి ఇచ్చేవి కాదు, మిషన్లో వేసేవి కాదు. ఎవురి మైల వాళ్ళే కడుక్కోవాల" అని చెప్పి మా అత్త మాలకొండమ్మ కోతల కాడికి కూలోళ్ళ సంగటి ఎత్తుకుని పోయింది. మిషనుకు కూడా మైల అంటుకుంటుందని నాకు ఆ రోజుదాకా తెలీదు. అదే మిషన్లో మా ఆయన హరినాథ్ బురద ప్యాంట్లు, మా మామ పురుగుమందు కొట్టొచ్చిన పంచెలు తిరగతానే ఉంటాయి. వాటికి లేని మైల పదిరోజుల పసిగుడ్డ ఉచ్చకెక్కడి నుంచి వచ్చిందో అడగాలనిపించింది. అడిగే ఓపిక లేదు.

మొదటి కాన్పు పుట్టింట్లో కదా అని మీరు అడగొచ్చు. మా అమ్మ నేను ఇంటర్లో ఉన్నప్పుడే పోయింది. నాన్న చిల్లకూరులో మా అన్న కాడ ఉంటాడు. అమ్మ లేని ఇంట్లో పురుడు ఎవురు పోస్తారు? "నేనే పోస్తాలే, నా కూతురైతే పొయ్యనా?" అని మా అత్త సీమంతం నాడు అందరి ముందర అనింది. ఆ మాటకి ఏడ్చినాను కూడా, సంతోషంతో. నెల్లూరులో ఆపరేషన్ చేసి పిల్లోడిని తీసినారు. కొడవలూరుకి తెచ్చి నన్ను మూలగదిలో మంచం మీద పడేసినాక అసలు సంగతి మొదలైంది. పత్యం. పొద్దున ఎల్లిపాయ కారం అన్నం, సాయంత్రం ఎల్లిపాయ కారం అన్నం. నీళ్ళు రోజుకు రెండు గ్లాసులు, అవీ కాచి చల్లార్చి, ఆమె చేత్తో కొలిచి ఇచ్చినవి. "పచ్చి బాలింత నీళ్ళు తాగితే కుట్లు చీము పడతాయి, పొట్ట జారిపోద్ది. మేమంతా అట్నే ఉన్నాం." ఏప్రిల్ నెల, నెల్లూరు ఎండ. నాలుక అంగిట్లోకి అంటుకుపోయేది. బిందె వంటింట్లో ఉంది, బాలింత వంటింట్లోకి పోకూడదు. పిల్లోడి గుడ్డలు జాడించే నీళ్ళు చూస్తా గుటకలు మింగినాను ఒకరోజు. బోరునీళ్ళు ఉప్పగా ఉంటాయి, లేకుంటే తాగేసేదాన్నే.

మా ఆయనతో చెప్పినాను. ఆయన నెల్లూరులో ట్రాక్టర్ల స్పేర్ పార్ట్స్ షాపులో చేస్తాడు. పొద్దున్నే డ్యూటీకి పోవాల గదా, నిద్ర చాలదని హాల్లో పడుకునేవాడు. "మా అమ్మ ముగ్గుర్ని కనింది. ఎప్పుడన్నా నోరెత్తిందా?" అన్నాడు. నోరెత్తినా వినేదానికి ఎవురున్నారయ్యా అని లోపల అనుకున్నాను. నేను పనిచేసే రొయ్యల మేత కంపెనీ నుంచి మేనేజరు కిషోర్ బాబు ఫోన్ చేసేవాడు. "రెస్టులోనే ఉన్నావు గదమ్మా, ఆ స్టాకు ఫైలు ఒక్కతూరి చూడు, పదినిమిషాల పని." రెస్టంట! పిల్లోడు ఒక పక్క, ల్యాప్‌టాప్ ఒక పక్క పెట్టుకుని ఆ పదినిమిషాల పని గంటన్నర చేసినాను. కుట్ల కాడ మంట పుట్టింది. మా ఆయనకీ మేనేజరుకీ, ఇద్దరికీ నా రెస్టు మీద బలే నమ్మకం.

నాకు ఎనిమిదో రోజున, పక్కింటికి ఇంకో బాలింత వచ్చింది. పక్కిల్లు సైదావలి గారిది. పరుపులు కుట్టే ఆయన. ఆయన కూతురు షమీమ్ రెండో కాన్పు అయి గూడూరు అత్తగారింటి నుంచి వచ్చింది, ఆడపిల్ల పుట్టిందన్నారు. నేను ఈ ఇంటికొచ్చి ఏడాదిన్నర, ఆమె పెళ్ళయి పోయి ఆరేళ్ళు. నేనెప్పుడూ ఆమెను చూసింది లేదు. ఇక చూసేదీ లేకుండా మా అత్త ఆ పూటే ఏర్పాటు చేసింది. రెండు పెరళ్ళ మధ్య నడుమెత్తు గోడ, దానిమీద తాటాకు తడక కట్టించింది. నలభై రోజుల్లోపు ఇద్దరు బాలింతలు ఎదురుపడకూడదంట. ఒకరి మొహం ఒకరు చూస్తే ముందు కన్నదాని పాలు వెనక కన్నదానికి పోతాయంట. విచిత్రమేందంటే అవతల నుంచి షమీమ్ వాళ్ళమ్మ అక్తరున్నీసమ్మే తాళ్ళు అందించింది. "గట్టిగా కట్టించొదినా, గాలికి పడిపోద్ది" అనింది. ఇంకే విషయంలోనూ ఇంత కుదరని ఈ రెండిళ్ళూ దీంట్లో మాత్రం ఒకే మాట మీద ఉన్నాయి.

తడక కట్టిన మూడో రోజు. నేను గుడ్డలు పిండతా ఉంటే అవతల కూడా గుడ్డ బండకేసి కొడతా ఉన్న శబ్దం. నేను ఆగితే అదీ ఆగింది. కాసేపటికి ఒక గొంతు, కొంచెం బొంగురుగా.

"మీ ఇంట్లో కూడా మిషను మైలపడిందా అక్కా?"

నాకు నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగినాయి. పొట్ట పట్టుకుని "అమ్మా" అన్నాను. "నవ్వేటప్పుడు దిండు పొట్టకు అదుముకోవాల, నాకూ ఆపరేషనే" అనింది. తరువాత, "గొంతు ఎండిపోయినట్టుందే, నీళ్ళు తాగినావా?" అని అడిగింది. పదకొండు రోజుల్లో ఎంతోమంది వచ్చినారు చూసేదానికి. పిల్లోడు ఎవురి పోలిక, తెలుపా నలుపా, బరువెంత, అన్నీ అడిగినారు. ఈ మాట ఒక్కరూ అడగలా. ఏడుపొచ్చింది. తడక కింద సందులోంచి కూల్‌డ్రింకు సీసా ఒకటి గోడ మీదకు జరిగింది. వాము వేసి కాచిన నీళ్ళు. లీటరూ దించకుండా తాగినాను. "మెల్లిగా, మెల్లిగా" అంటానే ఉంది అవతల నుంచి, చూస్తన్నట్టే. "మొదటి కాన్పులో మా అమ్మ నన్నూ ఇట్నే ఎండబెట్టింది. ఈ తూరి కొట్లాడి పెట్టించుకున్నా" అనింది.

అట్లా రోజూ పదకొండింటికి బండల కాడ మా కచేరీ. చూసుకోకూడదన్నారు గానీ మాట్లాడుకోకూడదని ఎవురూ అనలా. ఆమె రెండు సీసాలు ఇచ్చేది, నేను ఖాళీవి వెనక్కి తోసేదాన్ని. ఆమెకు ఆస్పత్రి చీటీలు చదవడం రాదు. ఏ మాత్ర ఎప్పుడని మందు పేర్లు చెప్పేది, నేను ఫోన్లో చూసి చెప్పేదాన్ని. మిగతాదంతా ఆమే నాకు.

పదిహేనో రోజున నర్సమ్మ వచ్చి పిల్లోడిని తూచింది. పుట్టినప్పుడు రెండు కేజీల ఎనిమిది వందలు, ఇప్పుడు రెండు ఆరు. "పెరగాల్సింది పోయి తగ్గినాడేందమ్మా? ఇంకో పదిరోజులు చూస్తా, ఇట్నే ఉంటే ఆస్పత్రిలో చేర్చాల" అనింది. ఆమె గడప దాటకముందే మా అత్త మొదలుపెట్టింది. "నేను చెప్పలా? పక్కన ఎదురు బాలింత వచ్చింది, దీని పాలు ఎత్తుకుపోయింది. తడక చాల్లేదు." మా మామ జయరామయ్య పేపరు మడతపెట్టి, "ఇంకో వరస తాటాకు కట్టిస్తే పోలా" అన్నాడు. మా ఆయన సాయంత్రం పాలపొడి డబ్బా తెచ్చి బల్లమీద పెట్టినాడు. నా వైపు చూడకుండా, "నీ వల్ల కాకపోతే చెప్పొచ్చు గదా" అన్నాడు. అదొక్కటి మాత్రం నా లోపల ఎక్కడో గుచ్చుకుంది. నా రొమ్ములు పుండ్లుపడి రక్తం కారతా ఉన్నాయని ఆయనకు చెప్పలేదు. చెప్పాలంటే ముందు అడగాల గదా.

మరుసటిరోజు బండ కాడ షమీమ్‌తో అంతా చెప్పి, "నిజంగానే నా పాలు పోయినాయేమో" అన్నాను. చదువుకున్నదాన్ని, ఎమ్‌కామ్. అయినా ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. అలిసిపోతే దేన్నయినా నమ్ముతాం.

"నీ పాలు నాకెందుకు తల్లీ, నావే మోయలేక చస్తన్నా!" అనింది షమీమ్. "పిల్లోడ్ని తీసకరా. గోడకానుకుని కూర్చో. పట్టేటప్పుడు నొప్పా?"

"ప్రాణం పోద్ది."

"అయితే మొన ఒకటే పడతన్నాడు. నోరు ఆవులించినంత తెరిచేదాకా పెట్టబాక. ముక్కు కాడ ఆనించు, వాడే తెరుస్తాడు. చుట్టూ నల్లగా ఉండేదంతా లోపలికి పోవాల. గడ్డం నీకు ఆనాల. ఆనిందా?"

"ఊ."

"నొప్పి ఉంటే తీసేసి మళ్ళా పెట్టు. సిగ్గెందుకు, నేనేమన్నా చూస్తన్నానా?"

నాలుగు తూర్లు తీసి పెట్టినాను. ఐదో తూరి నొప్పి లేదు. గుటక శబ్దం వినపడింది. "మింగతన్నాడు షమీమ్" అన్నాను. అవతల నుంచి "హమ్మయ్య, మా బాబే" అనింది. ఇంత చిన్న సంగతి. ఇన్ని చేతులు నా కడుపు మీద పెత్తనం చేసినాయి గానీ దీన్ని చెప్పింది మాత్రం మొహం తెలీని మనిషి.

డబ్బా తెరవలేదు. ఇరవై ఐదో రోజున తూస్తే రెండు తొమ్మిది వందలు. "అట్లుండాల" అనింది నర్సమ్మ. "రెండో వరస తాటాకు పనిచేసింది" అనింది మా అత్త. ఈ సంబరం చెప్పుకుందామని పదకొండింటికి పెరట్లోకి పోతే అవతల శబ్దం లేదు. సీసా లేదు. మరుసటిరోజూ లేదు. ఆ మధ్యాహ్నం పసిపిల్ల ఏడుపు మాత్రం మొదలైంది. గోడ కాడ నిలబడి పిలిస్తే అక్తరున్నీసమ్మ పలికింది. షమీమ్‌కి రొమ్ములో గడ్డకట్టి చీము పట్టిందంట. నాలుగు రోజులుగా జ్వరం దాచుకుని తిరిగిందంట. నెల్లూరు పెద్దాస్పత్రిలో కోసినారు, రెండు మూడు రోజులు ఉంచాలని పిల్లని మాత్రం ఆ పొద్దున ఇంటికి పంపేసినారు. పిల్లకి పొడిపాలు స్పూన్తో పోస్తే పోసింది పోసినట్టు కక్కతా ఉందంట.

నాలుగు రోజులు! ఆ నాలుగు రోజులూ నాకు సీసాలు తోసింది, నవ్వించింది. రోజూ నన్ను నీళ్ళు తాగినావా అని అడిగింది. నేను ఆమెను ఒక్కరోజు, ఒక్కతూరి కూడా అడగలా. మా ఆయన్ని ఏ తప్పుకు తిట్టుకుంటా ఉన్నానో అదే తప్పు నేనూ చేసినాను. సిగ్గుతో చెవులు కాలిపోయినాయి, దూది కింద.

ఏడుపు ఆగలా. మా అత్త హాల్లో వడ్లు చేట్లో పోసి చూసుకుంటా ఉంది, "పాపం, పసిగుడ్డ" అనింది, రిమోటు తీసుకుని టీవీ సౌండు పెంచింది. నా రవిక తడిసిపోయింది. ఆ ఏడుపు నా పిల్లోడిది కాకపోయినా పాలు వాటంతటవే దిగతా ఉన్నాయి. ఒళ్ళు ముందే ఒప్పుకుంది. పాలు తాగి నిద్రపోయిన పిల్లోడ్ని తెచ్చి మా అత్త ఒళ్ళో పెట్టినాను. చెవుల్లో దూది తీసి కిటికీలో పెట్టి చెప్పులేసుకున్నాను.

"యాడికి? నెల కూడా కాలా! ఎదురుపడితే నా మనవడి పాలు పోతాయి!"

"ఎదురుపడేదానికి ఆ బాలింత ఇంట్లో లేదు అత్తా. ఆస్పత్రిలో ఉంది."

"అయినా..."

"నా పాలు ఆమె ఎత్తుకుపోలా. తెచ్చి పోసింది. పద్నాలుగు రోజులు ఈ తడక కింద నుంచి రోజుకు రెండు లీటర్లు నీళ్ళు తాగినాను నేను. కుట్లు చీము పట్టలా, పొట్ట జారలా. మీ మనవడు బరువు పెరిగింది ఆ నీళ్ళతో. మూడు గంటలకొక తూరి పోతాను, ఆమె వచ్చేదాకా. మీరు వద్దన్నా పోతాను, ఆయన వద్దన్నా పోతాను."

చేట అట్నే ఉండిపోయింది. ఇంత పొడుగు మాట ఆ ఇంట్లో నేను మాట్లాడడం అదే మొదలు. వీధిలోకి దిగితే ఎండకి కళ్ళు తిరిగినాయి. గోడ పట్టుకుని నడిచినాను. పక్కిల్లే గానీ ఎంత దూరముందో.

అక్తరున్నీసమ్మ నన్ను చూసి గడపలోనే అడ్డం నిలబడింది. "మాలో పాలిచ్చినామె కూడా తల్లే అమ్మా. రేపు నీ కొడుకూ ఈ పిల్లా తోడబుట్టినోళ్ళ లెక్క. పెద్దయినా ఆ లెక్క పోదు. మీ వాళ్ళు ఒప్పుకుంటారా?" అనింది. "పాలు నావి పెద్దమ్మా" అన్నాను. ఆమె పక్కకు తప్పుకుంది. పిల్ల నోరు ఆవులించినంత తెరిచేదాకా ఆగినాను. ముక్కు కాడ ఆనించినాను. మొదటి తూరే పట్టింది. తల్లి చెప్పిన పద్ధతి గదా.

ఆ రాత్రి మా ఆయన హాల్లోంచే "ఇదంతా అవసరమా?" అన్నాడు. అవసరమే అన్నాను. మళ్ళీ అడగలా. మరుసటిరోజు పొద్దున మా అత్త నాతో మాట్లాడలేదు. కానీ నా మంచం కాడ నీళ్ళ చెంబు ఉంది, నిండుగా. ఎవురు పెట్టినారని నేను అడగలా, ఆమె చెప్పలా.

మూడో రోజు మధ్యాహ్నం, వాళ్ళ హాల్లో పరుపు మీద కూర్చుని పిల్లకి పాలిస్తా ఉంటే బయట ఆటో ఆగింది. సైదావలి గారు మందుల సంచీతో, వెనకాల బక్కగా, చామనచాయలో ఒకామె, గుండెల మీద కట్టు, పాలిపోయిన మొహం, మెల్లిగా గోడ పట్టుకుని. అక్తరున్నీసమ్మ అలవాటు కొద్దీ మా ఇద్దరి మధ్యా కొంగు అడ్డం పట్టబోయింది. పట్టబోయి, ఒళ్ళో పిల్లను చూసి, చెయ్యి దించేసింది.

వాకిట్లో ఆమె నిలబడిపోయింది. నేను వస్తన్న సంగతి ఆస్పత్రిలో ఆమెకు ఎవురూ చెప్పినట్టు లేదు. తన బిడ్డకు ఎవురో తెలీని ఆడమనిషి పాలిస్తా ఉంది. ఎవురు నువ్వు అన్నట్టు చూసింది. నాకూ ఆ మొహం కొత్తే. గొంతును బట్టి నేను లావుపాటి మనిషిని ఊహించుకున్నాను. ఈమె నాకంటే చిన్నది, చానా చిన్నది.

"నీళ్ళు తాగినావా షమీమ్?" అన్నాను.

ఆమె మొహం మారిపోయింది. గోడ వదిలేసి, నా పక్కన పరుపు మీద కూలబడి, నా భుజానికి తల ఆనించింది.

"లేదక్కా" అనింది. "పొద్దున్నించి ఎవురూ అడగలా."