నాలుగు వందల పదిహేడో కార్డు

లైబ్రరీకి ఫేస్‌బుక్ పేజీ ఉండాలని పెద్దాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు లైబ్రేరియన్ మేడమ్ నవ్వి ఊరుకుంది. పైకప్పు కారుతోందని మూడేళ్లుగా మొత్తుకుంటుంటే చెవిన పెట్టనివాళ్లు, పేజీ ఏదని మాత్రం వారానికి రెండుసార్లు ఫోన్ చేసేవారు. చివరికి శిక్షణకు కూడా పిలిచారు. వారానికి మూడు పోస్టులు పెట్టాలి, కామెంట్లకు గంటలోగా జవాబివ్వాలి, తీరిగ్గా చెప్పాల్సినవి బ్లాగులో రాయాలి అని రెండు రోజులు ఊదరగొట్టి పంపించారు. మొక్కుబడిగా మొదలెట్టిన ఆ పని ఆర్నెల్లు తిరిగేసరికి ఆమెకు వ్యసనమైపోయింది.

అట్ట ఊడిన పుస్తకానికి బంక రాస్తూ వీడియో తీసేది. ఈ నవలలో మీకు ఒళ్లు మండించిన మనిషి ఎవరని అడిగితే అరవై మంది పేజీ ఎక్కి పోట్లాడుకున్నారు. ఈగలు తోలుకునే రీడింగ్ రూములో కుర్చీల కోసం మనుషులు నిలబడసాగారు. ఇదంతా తన ఘనతేనని ఆమె లోలోపల మురిసిపోయేది. మెచ్చుకునేవాళ్లు వేరే లేరు గనక ఆ పని కూడా తనే చేసుకునేది.

ఆ పేజీకి మొట్టమొదటి అభిమాని టైలరమ్మ. వీధి చివర కొట్లో కుట్టుమిషను పెట్టుకున్న మనిషి, అరవై దాటాయి, వారానికి నాలుగు నవలలు నమిలి పారేస్తుంది. పేజీ ఎలా తెరవాలో, ఫొటోను రెండు వేళ్లతో ఎలా పెద్దది చేయాలో మేడమే పక్కన కూర్చుని నేర్పింది. నేర్పినప్పటి నుంచీ ఏ పోస్టు పెట్టినా మొదటి కామెంటు ఆవిడదే. మేడమ్ ఆవిడను పిన్నిగారూ అని పిలిచేది. ఆ పిలుపు వరసకే కాదు, ఇష్టంగానూ వచ్చేది.

టైలరమ్మ భర్త అదే కొట్లో ఇంకో మూల కూర్చుని గడియారాలు బాగుచేస్తాడు. ఆయనకూ పుస్తకానికీ ఆమడ దూరం. ఇంటికంతటికీ కలిపి ఒకటే కార్డు, దాని మీద వెళ్లిన పుస్తకాలన్నీ ఆవిడవే. అలాంటి మనిషి ఒక సోమవారం తలుపులు తీయకముందే వచ్చి మెట్ల మీద నిలబడ్డాడు. లోపలికి వచ్చాక, ఇంకెవరూ లేరని చూసుకుని చెప్పాడు. భార్య కడుపులో ఉన్నది పుండు కాదట. డాక్టరు తనను విడిగా పిలిచి, ఇక నెలల లెక్కే అన్నాడట. ఆవిడకు పుండనే చెప్పి మందులు మింగిస్తున్నాడు. మంచాన పడిన మనిషిని ఇంట్లో ఎలా చూసుకోవాలో చెప్పే పుస్తకం ఏదైనా ఉంటుందా అని అడిగాడు.

"మా ఆవిడ చెవిన పడకూడదమ్మా. తెలిసిందంటే ఆ రోజు నుంచే పోవడం మొదలుపెడుతుంది."

ఎవరు ఏ పుస్తకం తీసుకుంటున్నారో తన పెదవి దాటదని మేడమ్ మాటిచ్చింది. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి తప్పని మాట అది. పుస్తకం తమ దగ్గర లేదు, పెద్ద లైబ్రరీ నుంచి తెప్పిస్తానంది. ఆయన ఆమెకు రెండు చేతులూ జోడించి వెళ్లిపోయాడు. ఆ పూటంతా ఆమెకు ఏ పనీ సాగలేదు.

పది రోజులకు పుస్తకం వచ్చింది. 'నయంకాని జబ్బు, ఇంటి సేవ' అని వెన్ను మీద లావుపాటి అక్షరాలు. అడిగి తెప్పించుకున్న పుస్తకాలకు కాగితం పట్టీ చుట్టి ఒక అరలో పెడతారు. పట్టీ మీద పేరు రాయకూడదు, కార్డు నంబరే రాయాలి. ఎవరి గుట్టు వారికే ఉండాలని మేడమ్ పట్టుబట్టి పెట్టిన నియమం అది.

ఆ రోజు అరలో పదకొండు పుస్తకాలు చేరాయి. కిటికీలోంచి ఎండ సరిగ్గా వాటి మీద పడింది. ఇంత అందమైన ఫొటో మళ్లీ రాదనిపించి తీసింది. పోస్టు చేసే ముందు ఒకటికి రెండుసార్లు చూసుకుంది. మనుషుల పేర్లెక్కడా లేవు, వట్టి నంబర్లు. ఏ నంబరు ఎవరిదో ఎవరికి తెలుస్తుంది? 'మీ కోసం ఎదురుచూస్తున్నాం, వచ్చి తీసుకెళ్లండి' అని రాసి పెట్టేసి, బడి పిల్లలకు కథలు చదవడానికి పై గదికి వెళ్లింది.

గంటన్నర తర్వాత దిగి వచ్చి ఫోన్ చూసుకుంది. నూట ఇరవై మందికి నచ్చింది. మొదటి కామెంటు ఎప్పటిలాగే టైలరమ్మది.

"417 మాదే కదా అమ్మాయ్? నేనేం అడగలేదే."

దాని కింద ఎవరో నవ్వు ముఖం పెట్టారు. మీ ఆయన మీకేదో బహుమతి తెప్పిస్తున్నట్టున్నారు అని, పుస్తకం పేరు చూసుకోని ఇంకొకరు రాశారు.

లోకంలో ఎవరికీ అర్థంకాని ఆ నంబరు ఒక్క మనిషికి మాత్రం కంఠతా వచ్చు. ఆ మనిషికే తెలియకూడదు. మేడమ్ పోస్టు తీసేసింది. తీసేసి తల ఎత్తేసరికి టైలరమ్మ గుమ్మంలో ఉంది.

ఆవిడ అర దగ్గరికి వెళ్లలేదు, నేరుగా బల్ల దగ్గరికే వచ్చింది. పట్టీ మారిపోయింది పిన్నిగారూ, ఆ పుస్తకం వేరే వాళ్లదని మేడమ్ గడగడా చెప్పేసింది. అబద్ధం చెప్పడం తనకు చేతకాదని, చెబుతున్నప్పుడే ఆమెకు తెలిసిపోయింది. టైలరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నలభై ఏళ్లుగా కొలతలు తీస్తున్నదాన్ని. ఈ నాలుగు నెలల్లో నా బట్టలకే మూడుసార్లు కుట్టు లోపలికి వేసుకున్నా. పుండైతే మనిషిని ఇంతలా పీల్చేస్తుందా?" అంది. "అనుకుంటూనే ఉన్నాలే. పైకి అనకపోతే కాదేమోనని ఒక పిచ్చి ఆశ."

మేడమ్ ఏడ్చేసింది. ఆ మిగిలిన కాస్త ఆశను తుడిచేసింది తనే. ఆవిడకు ఏ డాక్టరూ చెప్పని మాటను, ఎండ బాగా పడిందన్న సంబరంలో ఊరందరి ముందు పెట్టింది. టైలరమ్మే లేచి ఆమె వీపు నిమిరింది. ఎవరిని ఎవరు ఓదార్చాలో తారుమారైన ఆ నిమిషం మేడమ్‌ను జన్మంతా వదలదు.

కాసేపటికి ఆవిడ పుస్తకం అడిగింది. కార్డు తనది కూడా గనక కాదనే హక్కు ఎవరికీ లేదంది. తీసుకుని కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఎప్పుడూ నవల చదివే తీరులోనే, మధ్యాహ్నమంతా చదివింది. మధ్యలో వచ్చి పనికిరాని కాగితాలు కొన్ని ఇమ్మంది. వాటిని సన్నగా చించి పేజీల మధ్య పెట్టుకుంటూ పోయింది. సాయంత్రం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇంత లావు పుస్తకం ఆయన చదవలేరు. రెండో పేజీకే కునుకు తీస్తారు. కావలసిన చోట్ల కాగితాలు పెట్టాను. పక్క ఎలా మార్చాలి, నొప్పి ఎక్కువైతే ఏం చేయాలి, అన్నం మానేస్తే బలవంతం చేయకూడదని కూడా ఉంది, అదీ. మళ్లీ పట్టీ చుట్టి పెట్టు. నేను చూసినట్టు ఆయనకు తెలియనివ్వకు. దాచిపెట్టానన్న ధీమాతోనే నిలబడి ఉన్నారు, అది కూడా పోతే పడిపోతారు."

ఇక ముందూ పేజీ చూస్తానన్నట్టు ఫోన్ ఎత్తి చూపించి, ఆవిడ మెట్లు దిగింది. కామెంటు చూసినవాళ్లు ఎవరైనా అడిగితే తనే చూసుకుంటానని, ఆయనకు ఫోన్‌లో అంకెలు నొక్కడం తప్ప ఏమీ రాదని వెళుతూ చెప్పింది.

మర్నాడు గడియారాలాయన వచ్చాడు. పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూసి కాస్త జంకాడు. తెరిచాడు. కాగితం ముక్క ఉన్న చోట ఆగి, పెదవులు కదుపుతూ నాలుగు లైన్లు చదివాడు. ఇంకో ముక్క దగ్గర తెరిచాడు, ఇంకో దగ్గర. ఆయన ముఖం తేలికపడింది.

"ఎవరో ముందు చదివినవాళ్లు గుర్తులు పెట్టుకున్నట్టున్నారమ్మా. సరిగ్గా నాకు కావలసినవే."

మేడమ్ తలూపింది.

"పాపం, వాళ్లింట్లో ఎవరికో," అన్నాడాయన, ఆ కాగితాలు జారిపోకుండా వేలితో లోపలికి నెడుతూ. "ఎలా ఉందో ఏమో ఆ మనిషి."

ధైర్యంగానే ఉన్నారండీ అని మేడమ్ రిజిస్టరు వైపు తల తిప్పుకుని, నాలుగు వందల పదిహేడుకు ఎదురుగా తేదీ వేసింది.