పొడి దగ్గు

నా పేరు పోలమ్మ. ఎండు చేపలమ్ముతాను. నోరు కాస్త పెద్దదే, నచ్చితే వినండి, లేకపోతే లేదు. మా ఆయన పోయాక సూర్యలంకలో ఆ ఇంట్లో ఉండబుద్ధి కాక, బాపట్లలో ఒక గది అద్దెకి తీసుకున్నాను.

గోడకి అవతల గదిలో శివరామయ్య మాస్టారు. రేపల్లెలో పంతులుగా చేసి రిటైరయ్యారు. ఆయనకీ ఎవరూ లేరు. నేనెదురుపడితే చేపల వాసనకి ముక్కు మూసుకుని పోయేవారు. పలకరింపా పాడా!

గుండెకి మాత్ర మొదలుపెట్టాక నాకు పొడి దగ్గు పట్టుకుంది. ఏ టీబీయో అనుకుని బజార్లో జనం నా గంప దగ్గరికి రావడమే మానేశారు. మాస్టారు మాత్రం కర్రతో గోడ కొట్టేవారు.

"ఏంటమ్మా ఆ దగ్గు! పేపరు చదువుకోనివ్వవా?"

"దగ్గేమన్నా నా చుట్టమా మాస్టారూ, పొమ్మంటే పోవడానికి?"

రోజూ ఇదే గొడవ.

తెనాలి డాక్టరుగారికి చెబితే, "ఆ మాత్ర కొందరికి పడదమ్మా. దానివల్లే దగ్గు. నీ అంతట నువ్వు మానేయకు, నేనే మారుస్తాను," అన్నారు. ఛాతీ పట్టేస్తే నాలుక కింద పెట్టుకోమని ఇంకో చిన్న మాత్ర ఇచ్చి, వెంటనే ఆస్పత్రికి పొమ్మన్నారు. కొత్త మాత్రతో మెల్లగా దగ్గు పోయింది. బేరాలు మళ్ళీ మొదలయ్యాయి.

గోడ మాత్రం మూగబోయింది. సాయంత్రం గదికొస్తే ఒక్క మాట వినపడదు. వండుకున్న అన్నం తినబుద్ధయ్యేది కాదు. ఛీ, ఏం బతుకిది అనిపించేది. ఒకరోజు ఉండబట్టలేక గోడ పక్కన కూచుని కావాలనే దగ్గాను. టకటకా కర్ర చప్పుడు!

"మళ్ళీ మొదలెట్టావా తల్లీ!"

ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. ఇక రోజూ దగ్గుడే.

మొన్నామధ్య పొద్దున్నే గంప బయట పెట్టి లోపలికొచ్చానో లేదో, గుండె మీద రుబ్బురోలు పెట్టినట్టయింది. ఎడం చెయ్యి, దవడ లాగేస్తున్నాయి. ఒళ్ళంతా చెమట. మాత్ర నాలుక కింద పెట్టుకుని గోడకి చేరగిలబడ్డాను. కేకేద్దామంటే గొంతు రాదు. దగ్గుదామంటే, అయ్యో రాత, అదీ రాదు. చేతికందిన గ్లాసుతో గోడ కొట్టాను. వస్తారా, విసుక్కుని ఊరుకుంటారా? ఇన్నాళ్ళూ ఉత్తుత్తినే గోల చేశానాయె. ఎవరూ చూడకుండా పోతానేమోనని ఏడుపొచ్చింది.

మాస్టారు చొక్కా అయినా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చారు. ఆటో పిలిచి ఆస్పత్రిలో చేర్పించిందీ ఆయనే.

ఇంటికొచ్చాక, ఇక దొంగదగ్గు దగ్గకూడదని ఒట్టేసుకున్నాను. అంత చేసిన మనిషిని ఇంకా మోసం చెయ్యడమేంటి? సాయంత్రమైంది. అటు చప్పుడు లేదు, ఇటు చప్పుడు లేదు. గోడకేసి చూస్తూ కూచున్నాను.

అప్పుడు అవతల్నుంచి వినపడింది. ఖళ్ళు. కాసేపాగి, మళ్ళీ ఖళ్ళు ఖళ్ళు.

ఆయనకి జలుబు లేదు, మాత్రలూ లేవు. ఎంత అబద్ధపు దగ్గో! చంటిపిల్లలు కూడా నమ్మరు. అంటే ఇన్నాళ్ళూ నా దగ్గూ ఆయనకి ఇలాగే వినపడిందన్నమాట!

కళ్ళు తుడుచుకుని, గ్లాసు తీసి గోడ కొట్టాను.

"ఏంటి మాస్టారూ, ఆ దగ్గు!"