సంతకాలు పెట్టి ఉంచు

"సంతకాలు పెట్టి ఉంచు. చేతులు తుడుచుకుని పెట్టు, కాగితం తడిస్తే మళ్లీ బ్యాంకువాళ్లతో గొడవ" అన్నాడు మా ఆయన, కొత్త చెక్కుల పుస్తకం స్టవ్ పక్కన పెట్టి. ఆదివారం పొద్దున. నా చేతులు మోచేతుల దాకా నురగలో ఉన్నాయి. సింకు నిండా ఇంటిల్లిపాదీ తిని వదిలేసిన పళ్లాలు. ఆయన పెన్ను కూడా తెచ్చాడు, మూత తీసి మరీ. ఆయన నాకు చేసే సాయం అంతవరకే.

పెళ్లయిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఇదే పద్ధతి. నా జీతం పడే ఖాతాకి కొత్త పుస్తకం రాగానే నేను డైనింగ్ టేబుల్ ముందు కూర్చుని మొదటి కాగితం నుంచి చివరిదాకా సంతకాలు పెట్టేయాలి. ఎవరికో, ఎంతో, ఎప్పుడో ఆయన రాసుకుంటాడు. పుస్తకం బీరువాలోకి, తాళం ఆయన జేబులోకి. "నా కోడలు బంగారం. ఎందుకని ఒక్క మాట అడగదు" అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పేది. నేను మురిసిపోయేదాన్ని కూడా. ఆ బంగారానికి చెప్పు తెగితే, కొత్త జత కోసం ఆయన మంచి మూడ్‌లో ఉన్నప్పుడు కనిపెట్టి అడగాల్సి వచ్చేది.

నిజానికి ఆ సంతకంలో ఉన్న పేరు కూడా నాది కాదు. పెళ్లి కాగానే నా పేరు అత్తగారికి నచ్చలేదు. ఇంట్లో అందరి పేర్లూ ఒకే అక్షరంతో మొదలవుతాయట, నాదొక్కటే వేరేగా ఉంటే బాగోదట. ఆవిడ ఒక పేరు అనుకుంది, ఆయన కాగితాలు నింపాడు, నేను సంతకం పెట్టాను. మా అమ్మ మాత్రం ఫోన్లో పాత పేరుతోనే పిలిచేది. అమ్మ పోయాక ఆ పేరుతో నన్ను పిలిచే మనిషే లేకుండా పోయింది. ఫోను మోగినప్పుడల్లా ఆ పేరు వినిపిస్తుందేమోనని చాలాకాలం పిచ్చిదానిలా ఎదురుచూశాను.

నేను ఆస్పత్రి ల్యాబ్‌లో రక్తం తీస్తాను. మా దగ్గర ఒక నియమం ఉంది. సూది పట్టుకునే ముందు పేరు మనం చెప్పకూడదు, వచ్చినవాళ్ల నోటితోనే చెప్పించాలి. "ఫలానా ఆవిడ మీరేనా?" అని అడిగితే కంగారులో ఎవరైనా తలూపేస్తారు. పేరు రాయని ట్యూబు నిండా రక్తమున్నా సరే, చెత్తలో పారేయాల్సిందే. ఆమధ్య ఒక పెద్దావిడ వచ్చింది. "మీ పేరు చెప్పండమ్మా" అన్నాను. ఆవిడ పక్కనున్న భర్త వైపు చూసింది. ఆయన చెప్పాడు. "ఆవిడే చెప్పాలండీ" అన్నాను. "నేను చెప్పాగా! మళ్లీ ఆవిడెందుకు?" అని విసుక్కున్నాడు. ఆవిడేమో చెయ్యి చాపుకుని కూర్చుంది, ఎవరు చెబితే ఏం, తొందరగా కానిమ్మన్నట్టు. నాకు ఒళ్లు మండిపోయింది. మంట ఆవిడ మీద కాదు, నా మీదే. ఆ మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీయకుండానే ఆస్పత్రి వెనక వీధిలో ఉన్న లాయరు దగ్గరికి వెళ్లాను.

అఫిడవిట్టు, పేపర్లో ప్రకటన, ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరగడం, అన్నీ సెలవులు పెట్టుకుని ఒక్కదాన్నే చేసుకున్నాను. బ్యాంకు కౌంటర్లో కూర్చున్నాయన కాగితాలు చూసి గొంతు తగ్గించి, "విడాకులా మేడమ్?" అని అడిగాడు.

"కాదు."

"మరి?"

"నా పేరు నాకు కావాలి. అంతే."

ఆయన నన్నో వింతలా చూసి, "పాత చెక్కులు తెచ్చిచ్చేయండి. అవిక చెల్లవు" అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాటే మా ఆయనకి చెప్పాను. "పేరు మారితే మారిందిలే, డబ్బు అదేగా" అని టీవీ సౌండు పెంచాడు.

అత్తగారు పెద్ద రాద్ధాంతమే చేసింది. "నేను పెట్టిన పేరుకేం రోగమొచ్చిందే? బయట తెలిస్తే నిన్ను మేమేదో రాచిరంపాన పెట్టామనుకుంటారు." మరిది నవ్వాడు. "వదినా, ఇవాళ పేరు మార్చావ్, రేపు అన్నయ్యని మార్చవు కదా?" అందరూ పగలబడి నవ్వారు. కాలేజీలో చదివే నా కూతురు కూడా, "నా సర్టిఫికెట్లలో నానమ్మ పెట్టిన పేరే ఉంది. నాకీ తలనొప్పి ఎందుకమ్మా?" అంది. మిగతావాళ్ల మాటలు దులిపేసుకున్నాను గానీ దాని మాట మాత్రం గుచ్చుకుంది.

పోయిన వారం మరిది తీసుకుంటున్న షాపుకి అడ్వాన్సుగా మా ఆయన బీరువాలోంచి నా పాత సంతకం ఉన్న చెక్కొకటి తీసిచ్చాడు. నాకు మాట మాత్రం చెప్పలేదు. అది చెల్లక వెనక్కొచ్చింది. షాపు యజమాని నలుగురిలో మరిదిని కడిగేశాడట. ఇల్లంతా నా మీద పడింది. "నీ సరదా కోసం వాడి పరువు తీశావ్" అని అత్తగారు శోకాలు. ఆమె జీతం ఆమెకి చెప్పకుండా ఎందుకిచ్చావని ఒక్కరూ ఆయన్ని అడగలేదు. సిగ్గుచేటు, నేనూ అడగలేదు. వంటింట్లోకి వెళ్లి ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాను.

ఇప్పుడిదిగో కొత్త పుస్తకం. కవరు కూడా ఆయనే చింపాడు.

చేతులు తుడుచుకుని తెరిచాను. ప్రతి కాగితం మీదా అచ్చులో మా అమ్మ పిలిచిన పేరు. వేలితో తడిమి చూసుకున్నాను. పెన్ను చేతిలోకి తీసుకోగానే ఆయన ముఖం విప్పారింది.

"ఈ మొదటిది ఎవరికి?" అన్నాను.

"ఏంటి?"

"ఎవరి పేరు రాయాలి? ఎంత రాయాలి?"

"అవన్నీ నేను చూసుకుంటాగా. నువ్వు సంతకాలు పెట్టు చాలు."

"పేరు రాయని ట్యూబు మా ల్యాబ్‌లో పారేస్తామండీ."

"వంటింట్లో ల్యాబేంటే! తమ్ముడు కింద బండి మీద ఎదురుచూస్తున్నాడు. తొందరగా కానీ."

హాల్లోంచి అత్తగారి గొంతు. "పెట్టిందా?"

ఇన్నేళ్ల అలవాటు కదా, పెన్ను దానంతటదే కాగితం కిందివైపుకి వెళ్లబోయింది. బలవంతాన ఆపి మూత పెట్టాను. పుస్తకాన్ని నా ఆస్పత్రి బ్యాగులో, భోజనం డబ్బా పక్కన వేసి జిప్పు లాగాను.

"ఇప్పుడు వాడికేం చెప్పమంటావ్?" ఆయన గొంతు పెరిగింది.

"పైకి రమ్మనండి. షాపు ఎవరి పేరు మీద తీసుకుంటున్నాడో, ఎంత కావాలో, నాకెప్పుడు తిరిగిస్తాడో తన నోటితోనే చెప్పమనండి. విని ఆలోచిస్తాను."

ఆయన కదల్లేదు. నేను పళ్లాలు సింకులోనే వదిలేసి, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, ఇన్నాళ్లూ సంతకాలు పెట్టిన టేబుల్ ముందే కూర్చున్నాను, మరిది కోసం.