కావలివాడి కడుపులో

కోంటలో ఉప్పు కొట్టు భద్రమ్మకు అనుమానం ఊపిరితో పాటు వచ్చిన గుణం. శబరి ఏరు దాటించే పడవవాణ్ణి అనుమానిస్తుంది, పాలు పోసేవాడి చేతి తడిని కూడా అనుమానిస్తుంది. అలాంటి మనిషి ఇంట్లోకి క్షయ చొరబడితే ఊరుకుంటుందా? నిరుడు కోడలు సావిత్రిని మింగేసింది. ఇప్పుడు మూడేళ్ల మనవరాలు మంగకు సాయంత్రమయ్యేసరికి ఒళ్లు కాలిపోతోంది, మెడ పక్కన రేగుపండంత గడ్డ లేచింది. కొడుకు ధర్మయ్య చింతపండు బేరానికి జగర్గుండా ఊరికి పోయి ఉన్నాడు. పిల్ల దక్కాలి. దక్కాలంటే ఈ రోగం తెచ్చిన మనిషిని ముందు గడప దాటించాలి.

ఆ మనిషి ఎవరో భద్రమ్మ ఎప్పుడో తేల్చేసుకుంది. పాచిపని చేసే దోర్ల తెగ మనిషి ముయె. చలికాలమంతా ఖళ్లుఖళ్లున దగ్గింది. అప్పటి నుంచీ దానికి నీళ్లు కూడా మోదుగాకు దొప్పలోనే పోసి, తాగాక దూరంగా పారేయించేది. పిల్లకు దాని గాలి సోకనివ్వలేదు. రాత్రయితే తలుపులూ కిటికీలూ బిగించి, మంగను పొట్టకు కరుచుకుని పడుకునేది. ఇంత కాపలా కాసినా ఎలా దూరింది? తను కొట్టులో ఉన్నప్పుడు దొంగతనంగా పిల్లను ముద్దాడి ఉంటుంది, మహాతల్లి.

రాజుగారి దవాఖానాకు కొత్తగా వచ్చిన డాక్టరు శ్రీరంగం పిల్లను చూసి, ఇంట్లో మసిలేవాళ్లందరూ పొద్దున్నే కళ్లె తీసి తెమ్మన్నాడు. అద్దాల గొట్టంలో పెట్టి చూస్తాడట. భద్రమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఇక దొంగ దొరికినట్టే.

ముయె మాత్రం ససేమిరా అంది.

"ఉమ్మి ఎట్ల ఇత్తనమ్మా? పరాయోళ్ల చేతిలో పడితే మంత్రం పెడతరు. పానం పోతది."

"తప్పు చేసినోళ్లకే బయ్యం."

"అట్లయితే మీరు గూడ ఇయ్యండి. ఇద్దరిదీ ఒక్కతాన ఉంటే ఎవ్వరూ ఎవ్వరికీ చెయ్యలేరు. మా దాంట్లో గంతే."

"నాకేం రోగమే? మా ఆయన దగ్గి దగ్గి పోయినప్పుడు పక్కనే పడుకున్న. కొన్నాళ్లు జరమొచ్చి పోయింది. నాది చుట్ట దగ్గు."

అన్నదే గానీ, పంతం వచ్చేసింది. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ పెరట్లో నిలబడి, ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచి దగ్గారు. ముయెది ఆకు దొప్పలో, భద్రమ్మది సొంత ఇత్తడి గిన్నెలో. పనిమనిషి ఉమ్మిని తన గిన్నెకు తగలనిస్తుందా ఆవిడ? ఎవరిది వాళ్లే మోసుకెళ్లారు. మంగ నాయనమ్మ చంకలో ఉంది.

మధ్యాహ్నం దాటాక డాక్టరు పిలిచాడు.

"దొప్పలోది శుభ్రంగా ఉందమ్మా. గిన్నె ఎవరిది?"

భద్రమ్మ తన గిన్నె వైపు చూసింది. తారుమారు చేశారందామంటే దారి లేదు. ఆకెక్కడ, ఇత్తడెక్కడ? అప్పుడు డాక్టరునే అనుమానించింది.

"మీ గొట్టమే తప్పు చూపిత్తందేమో. నేను మనిషిని బాగానే ఉన్న గదా."

ఆయన విసుక్కోకుండా ఆమెనే చూడమన్నాడు. నీలంగా బొట్లు కనిపించాయి. కొన్నింటి లోపల సన్నగా, ఎర్రగా పుల్లల్లాంటివి ఉన్నాయి.

"నీలంవి ఒంట్లో కావలివాళ్లు. రోగం పురుగు కనిపిస్తే మింగి అరిగించుకుంటారు."

"మింగినంక ఇంకేంది?"

"ఈ పురుగుకు మైనం పూత ఉంటుంది. అరగదు. కావలివాడి కడుపులోనే బతుకుతుంది, అక్కడే పిల్లలు పెడుతుంది. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లూ చుట్టూ గోడ కట్టి ఆపుతారు. మనిషి బాగయ్యాననుకుంటుంది. సత్తువ తగ్గాక గోడ కూలుతుంది. మీ ఆయన దగ్గర అంటినదే అయ్యుంటుంది. ఇన్నేళ్లూ మీలో దాక్కుంది."

భద్రమ్మకు సావిత్రి గుర్తొచ్చింది. పురిటిలో గాలి తగలకూడదని కోడల్నీ అదే గదిలో, తన పక్కనే పెట్టుకుంది.

"పిల్ల దక్కుతదా?"

"పాప ఒంట్లో కావలివాళ్లు ఇంకా పట్టే ఉంచారు. మీ పక్కలో రోజూ కొత్త పురుగులు పీలిస్తే మాత్రం ఓడిపోతారు. దీనికి మందు ఇంకా ఎవరూ కనిపెట్టలేదమ్మా. వెలుతురు, గాలి, పాలు, గుడ్లు. అన్నిటికంటే ముందు మీ నుంచి దూరం."

భద్రమ్మ పిల్లను చంకలోంచి దించేసింది. వరండాలో కూర్చున్న ముయె దగ్గరికొచ్చి ఆగింది.

"పిల్లను మీ ఇంటికి తీస్కపో. పాలకూ గుడ్లకూ నేను పంపిత్త."

ముయె తల అడ్డంగా ఊపింది. "రేపు పిల్లకేమన్నా అయితే నన్నే అంటరు. నిన్నటిదాకా అన్నరు గదా."

ఆ మాటలో తప్పేముంది? భద్రమ్మ వరండాలో ఉన్న జనం వైపు తిరిగింది. అందులో సగం మంది ఆమె కొట్టులో ఉప్పు కొనేవాళ్లే.

"అందరు ఇనండి. రోగం నాది. కోడలికీ పిల్లకీ నేనే అంటించిన. ముయె కాదు."

దగ్గరగా కూర్చున్నవాళ్లు లేచి అవతలికి జరిగారు. ముయె చాలాసేపు ఆమెను అనుమానంగానే చూసింది. తర్వాత చేతులు చాపింది.

మంగ ఆ చేతుల్లోకి పోలేదు. ఏడుస్తూ వచ్చి నాయనమ్మ మోకాళ్లను కరుచుకుంది. ఎత్తుకోమని పైకి చూసింది. భద్రమ్మ వంగబోయింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఎత్తుకుంటే ఏమవుతుంది అనిపించింది. అందరినీ అనుమానించింది గానీ, ఆమె తన్ను తాను అనుమానించుకోవడం అదే మొదలు.

"ఛీ, పో అవతలికి," అని పిల్ల మీదికి చెయ్యెత్తింది.

మంగ బెదిరిపోయింది. ఏడుపు కూడా ఆగిపోయింది. వెనక్కి వెనక్కి నడిచి ముయె చీర పట్టుకుంది. భద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వాళ్లు రేవు దారి పట్టి కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడింది. పిల్ల ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.