ఆఖరున ముట్టుకున్నది ఎవరు?

మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. లిఫ్టు ఆగిపోయిందని ఎవరు పిలిచినా, పెట్టె తెరవకముందే, పలకరింపు కూడా లేకుండా ఆయన అడిగే మొదటి మాట ఒకటే: "దీన్ని ఆఖరున ముట్టుకున్నది ఎవరు?" మిషన్ తనంతట తాను చెడిపోదని, ఎవరో చెయ్యి పెడితేనే చెడుతుందని ఆయన సిద్ధాంతం. చాలాసార్లు ఆ మాటే నిజమవుతుంది కూడా. ఎవరో బటన్ మీంచి బొటనవేలు తీసి ఉండరు, ఎవరో తలుపు సందులో గొడుగు ఇరికించి ఉంటారు. నిజం కాని సందర్భాల గురించి ఆయన ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

ఇంట్లోనూ అదే వరస. ఫ్యాను తిరగకపోయినా, కుళాయి కారినా, కత్తెర మొద్దుబారినా ఆ ప్రశ్నే. పెళ్లయిన కొత్తలో నాకు ఒళ్లు మండేది. పోనుపోను "నేనే, ఏం చేస్తారేంటి?" అని ఎదురడగడం నేర్చుకున్నాను.

అత్తయ్యది వేరే పద్ధతి. ఆవిడ దేన్నైనా అరచేత్తో తాకితే తప్ప నమ్మేది కాదు. ఎవరు గుమ్మం దాటి వచ్చినా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది. టీ గ్లాసు, ఇస్త్రీ చేసిన చొక్కా, ఎండలో ఆరిన దుప్పటి, అన్నిటినీ తాకి "వెచ్చగా ఉంది", "చల్లారిపోయింది" అని తీర్పు చెప్పేది. నాకూ ఆవిడకూ ఉప్పూ నిప్పూ. ఒకే వంటింట్లో మోచేతులు తగిలించుకుంటూ ఏళ్లు గడిపాం. నాకు జ్వరం వస్తే మాత్రం నా నుదుటి మీద ఆవిడ చెయ్యి ఉండేది, నోట్లో సణుగుడూ ఉండేది. రెండూ నిజమే.

తర్వాత ఆవిడకు మతిమరుపు మొదలైంది. ముందు కళ్లజోడు, తర్వాత మనుషుల పేర్లు, ఆ తర్వాత పొయ్యి. ఒక పొద్దున గ్యాస్ తిప్పి, అగ్గిపెట్టె వెతుక్కుంటూ వరండాలోకి వెళ్లి, అక్కడే కూర్చుండిపోయింది. వాసన నా ముక్కుకు తగలబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఏమయ్యేదో. ఆ సంగతి మా ఆడపడుచు చెవిన పడింది. వదిన ఊరికి రెండో చివర ఉంటుంది. ఫోన్లో మాత్రం మా నట్టింట్లోనే ఉంటుంది.

"అమ్మను హోమ్‌లో పెడదాంరా. అక్కడ నర్సులుంటారు. నువ్వు లిఫ్టుల వెంట పోతావ్, నీ పెళ్లాం దర్జీ షాపులో కాజాలు కుట్టడానికి పోతుంది. ఇల్లు తగలబడితే పూచీ ఎవరిది?"

ఆయన ఒప్పుకోలేదు. ఒప్పుకోలేదంటే, సగం ఒప్పుకున్నాడు. "చూద్దాం అక్కా. ఇంకొకటేదైనా జరిగితే అప్పుడు పంపిద్దాం" అన్నాడు.

ఆ "ఇంకొకటి" మీద అత్తయ్య మా ఇంట్లో ఉండటం ఆధారపడి ఉంది. అది మా అందరికీ తెలుసు. మతి నిలకడగా ఉన్న పూటల్లో ఆవిడకూ తెలుసు. "అమ్మాయ్, నన్ను పంపించేస్తారా?" అని అడిగేది. "పంపిస్తే నేనెవరితో పోట్లాడాలి?" అనేదాన్ని. నవ్వేది. కాసేపటికి మళ్లీ అడిగేది.

ఆ రోజుల్లోనే చేపల తొట్టి వచ్చింది. ఏదో ఆఫీసులో గోడంత పొడుగు అక్వేరియం తీసేస్తుంటే, దాని హీటరు ఈయన కంట పడింది. మోచెయ్యంత గాజు గొట్టం, లోపల తీగచుట్ట, ఒక కొనన తిప్పే డయల్, ఎర్ర దీపం. అంత చక్కటి వస్తువు చెత్తలో పడేస్తున్నారని ఆయన ప్రాణం ఉసూరుమంది. ఇంటికి పట్టుకొచ్చాడు. ఆ తర్వాత దానికోసం తొట్టి కొన్నాడు. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్టు.

తొట్టి చిన్నది, రెండు బకెట్ల నీళ్లతో నిండిపోతుంది. అత్తయ్య గదిలో మంచానికి ఎదురుగా బల్ల మీద పెట్టాం. అడుగున గులకరాళ్లు, మూలన ఫిల్టరు, నీళ్లు కదిలే వైపు పూర్తిగా మునిగేలా ఏటవాలుగా హీటరు, గాజుకు బయట అంటించిన థర్మామీటరు పట్టీ, పైన మూత. నారింజ రంగు తోకల గప్పీలు అందులో గిరగిరా తిరుగుతుంటే గదికి కొత్త కళ వచ్చింది. వాటిని అమ్మిన షాపతను తొట్టి సర్దడానికి వచ్చి, హీటరు చూసి మొహం అదోలా పెట్టాడు.

"ఇంత చిన్న తొట్టికి ఇంత పెద్దదెందుకు సార్? చిన్న హీటరు ఆగకపోతే నీళ్లు మెల్లిగా వెచ్చబడతాయి, చూసుకుని తీసేయొచ్చు. ఇది ఆగకపోతే చూసుకునే టైం కూడా ఉండదు."

"ఆగకపోవడమేంటయ్యా? ఆగడానికే కదా దాన్ని చేసింది!" అని ఈయన నవ్వేశాడు.

తల్లికి మాత్రం ఓపిగ్గా నేర్పాడు. ఎర్ర దీపం వెలిగితే నీళ్లు వేడెక్కుతున్నట్టు, ఆరితే చాలినట్టు. పట్టీ మీద ఇరవయ్యారు ఆకుపచ్చగా కనిపిస్తే అంతా బాగున్నట్టు. తిండి వేసేది కోడలు, నీళ్లు మార్చేది కొడుకు, మార్చేముందు ప్లగ్గు తీసేదీ కొడుకే. "నువ్వు కాపలా మాత్రమే అమ్మా. చెయ్యి పెట్టకూడదు" అన్నాడు.

ఆ కాపలా ఉద్యోగం ఆవిడను నిలబెట్టింది. పొయ్యి జోలికి పోవడం మానేసింది, వరండాలో తప్పిపోవడం మానేసింది. పొద్దస్తమానం తొట్టి ఎదురుగా కూర్చుని దీపం వెలిగితే "వెలిగింది", ఆరితే "ఆరింది" అని నాకు కేకేసి చెప్పేది. నేను ఇంట్లో లేనప్పుడు గోడకు చెప్పేది కాబోలు. ఒక్క అలవాటు మాత్రం పోలేదు. గాజు మీద అరచెయ్యి ఆనించి, "చల్లగా ఉన్నాయి, పాపం. పిల్లలు వణికిపోతున్నాయి" అని బాధపడేది. చేపకు చాలినంత వెచ్చదనం మన చేతికి చల్లగానే తగులుతుంది. ఆ సంగతి ఆయన ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ తలూపేది, పట్టీ చూసేది, మళ్లీ చెయ్యి పెట్టేది. గాజు మీద ఎప్పుడూ ఆవిడ అరచేతి మరక ఉండేది. తుడిచి తుడిచి వదిలేశాను.

చలి ముదిరింది. ఒక మధ్యాహ్నం నేను షాపు నుంచి వచ్చి తలుపు తీయగానే గుప్పున వాసన కొట్టింది. తొట్టి గాజంతా ఆవిరి పట్టి ఉంది. పట్టీ మీద ఒక్క అంకె కూడా కనిపించడం లేదు. చేపలు తెల్లగా ఉడికిపోయి పైన తేలుతున్నాయి. ఫిల్టరు బుడబుడమంటూ వాటిని గుండ్రంగా తిప్పుతోంది. ఒక్క అంగలో వెళ్లి ప్లగ్గు లాగేశాను.

అత్తయ్య మంచం అంచున కూర్చుని ఉంది. మొహం వెలిగిపోతోంది.

"ఇప్పుడు వెచ్చగా ఉందమ్మాయ్! చెయ్యి పెట్టి చూడు. పిల్లలు హాయిగా నిద్రపోయాయి."

నాకు భయమేసింది. చచ్చిన చేపల కోసం కాదు. "ఇంకొకటి" జరిగిపోయిందని.

సాయంత్రం ఆయన వచ్చాడు. తొట్టి ముందు నిలబడ్డాడు. అడగొద్దని నేను కళ్లతో చెబుతూనే ఉన్నాను. అడిగేశాడు.

"దీన్ని ఆఖరున ముట్టుకున్నది ఎవరు?"

అత్తయ్య నా మొహం చూసింది, కొడుకు మొహం చూసింది. "నేనే కదూ?" అంది. "నేనే అయ్యుంటాను నాన్నా. ఇంట్లో ఇంకెవరున్నారు?"

గుర్తులేని మనిషి చేత తప్పు ఒప్పించడం ఇంత తేలికని నాకు అప్పుడే తెలిసింది. కాదని చెప్పడానికి వాళ్ల దగ్గర ఏం మిగిలి ఉంటుంది?

"డయల్ నీళ్ల అడుగున ఉంది. తిప్పాలంటే మోచేతి దాకా ముంచాలి" అన్నాను. "ఈవిడ స్వెట్టర్ చెయ్యి చూడండి, పొడిగా ఉంది. ఉన్ని బట్ట. ఈ చలిలో ఒకసారి తడిస్తే రెండ్రోజులు ఆరదు. బట్టల సంగతి నాకు చెప్పకండి."

"పైకి మడుచుకుని ఉంటుంది."

"ఆవిడ గుండీలు నేను పెట్టాలి, నేను తీయాలి. మడుచుకోవడం ఆవిడకు చేతనవుతుందా? పైగా డయల్ ఇరవయ్యారు మీదే ఉంది కదా!"

"భయపడి మళ్లీ వెనక్కి తిప్పుంటుంది" అన్నాడు. హీటరును తీసి బకెట్ నీళ్లలో పెట్టాడు. నన్ను పక్కన నిలబెట్టి చూపించాడు. నీళ్లు వెచ్చబడ్డాయి, ఎర్ర దీపం బుద్ధిగా ఆరింది. "చూశావా? మిషన్ తప్పు లేదు."

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారు. మా ఇంట్లో మిషన్ కొట్టిన కుండ కూడా అత్తయ్య లెక్కలోనే పడింది. వదినకు ఫోన్ చేసింది ఆయనే. ఆమె ఏమందో నేను వినలేదు, వినాల్సిన పనీ లేదు.

బయలుదేరే పొద్దున సంచి సర్దుతుంటే అత్తయ్య ఒక మాట అంది. "నాన్నా, ఇంకేమీ ముట్టుకోను. చూడు, చేతులు ఇలా పెట్టుకుని కూర్చుంటాను." రెండు చేతులూ తొడల కింద దూర్చుకుని, మంచం మీద చిన్నపిల్లలా నిటారుగా కూర్చుంది. ఆయన కిటికీ వైపు తిరిగి, "అందుక్కాదమ్మా, అక్కడ నిన్ను బాగా చూసుకుంటారు" అన్నాడు. కిటికీ ఊచ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆయన రాయి కాదు. రాయి అయితే తిట్టడానికి నాకు సుఖంగా ఉండేది.

ఆవిడ వెళ్లాక ఆయన తొట్టి కడిగాడు. గులకరాళ్లు కడిగాడు, ఫిల్టరు స్పాంజి పిండాడు, కొత్త గప్పీలు తెచ్చాడు. హీటరు మాత్రం అదే. "అమ్మను ఎప్పుడైనా ఇంటికి తీసుకొస్తే చూసుకుంటుంది" అన్నాడు. ఎవరి చెయ్యీ పడకుండా గదికి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకునేవాడు. తిండి వేయడం, దీపం చూడటం అన్నీ ఆయనే. నేను ఆ గడప తొక్కలేదు, పంతం కొద్దీ.

చలి ఇంకా తగ్గలేదు. ఒక సాయంత్రం ఆయన తాళం తీసి, లోపలికి వెళ్లి, బయటికి రాలేదు. ఎంతసేపటికీ చప్పుడు లేకపోతే నేను వెళ్లాను. అదే వాసన. అదే ఆవిరి. తెల్లటి చేపలు అలాగే గుండ్రంగా తిరుగుతున్నాయి. ఎర్ర దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. డయల్ ఇరవయ్యారు మీద ఉంది. గాజు మీద అరచేతి మరక లేదు.

నేను మంచిదాన్నని ఎప్పుడూ చెప్పుకోలేదు. "ఆఖరున ముట్టుకున్నది ఎవరు?" అని అడిగాను.

ఆయన ప్లగ్గు తీసి, హీటరు చల్లారేదాకా ఆగి, గాజు పగలగొట్టి లోపలి రేకులు నాకు చూపించాడు. నీళ్లు వెచ్చబడగానే విడిపోయి కరెంటు ఆపాల్సిన సన్నటి రేకులు. వాటి కొనలు మాడి, అతుక్కుపోయి ఉన్నాయి. "ఒక్కోసారి అతుక్కుంటాయి, ఒక్కోసారి వదులుతాయి" అన్నాడు. "బకెట్లో పెట్టినప్పుడు వదిలాయి." గోరుతో ఆ రేకుల్ని విడదీస్తూ అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

పొద్దున్నే హోమ్‌కు వెళ్లాం. నర్సు మమ్మల్ని వరండాలో ఆపింది. "రండి, మీకు ఫోన్ చేద్దామనుకుంటున్నాం. మామ్మగారు చెంచా పట్టుకోవడం లేదు. మేం తినిపిస్తేనే తింటున్నారు, అదీ రెండు ముద్దలు. కుళాయి తిప్పరు, తలుపు తీయరు, దుప్పటి జారిపోతే పైకి లాక్కోరు. చలికి వణుకుతూ అలాగే పడుకుంటారు. చేతులకేమైనా నొప్పా?"

లోపల అత్తయ్య కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. చేతులు తొడల కింద. మొహం పీక్కుపోయింది.

ఆయన ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "అమ్మా, నువ్వు చేయలేదే. హీటరు పాడైంది. తప్పు నాది."

"అవునా?" అంది. కళ్లలో ఎంత వెలుగు వచ్చిందో. "నేను కాదా? పోనీలే నాన్నా, పోనీలే." ఊపిరి పీల్చుకుంది. కిటికీ వైపు చూసింది. మళ్లీ మా వైపు తిరిగేసరికి ఆ వెలుగు లేదు. "నేనేమీ ముట్టుకోవడం లేదు నాన్నా. అడుగు కావాలంటే, ఆ నర్సమ్మాయిని అడుగు."

ఆయన మళ్లీ చెప్పాడు. మళ్లీ "అవునా?" అంది. మళ్లీ పోయింది. కొడుకు పేరు నిలవని బుర్రలో, తిన్న పూట నిలవని బుర్రలో, చేయని తప్పొక్కటి మేకులా దిగబడిపోయింది.

ఆవిడను ఇంటికి తీసుకొచ్చేశాం. వదినతో ఫోన్లో ఈసారి నేను మాట్లాడాను, ఆమె మళ్లీ చేయలేదు. తొట్టి తీసేశాం. మంచం మీద కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, నేను టీ పట్టిస్తుంటే ఆయన పక్కన చేరాడు. ఆ చలిలో తిరిగి తిరిగి ఆయనకు ఒళ్లు కాలిపోతోంది. తొడ కింది నుంచి తల్లి చెయ్యి మెల్లిగా బయటికి తీసి, ఎప్పటిలా తన నుదుటి మీద పెట్టుకున్నాడు.

"చూడమ్మా, జ్వరం ఉందా?"

అరచెయ్యి ఒక్క క్షణం అక్కడ ఆగింది. ఆవిడ పెదవి కదిలింది కూడా. అంతలోనే నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుని, దుప్పటి కింద దాచుకుని, భయంగా నా వైపు చూసింది.

"నేను ముట్టుకోలేదమ్మాయ్. వాడే పెట్టుకున్నాడు."