చౌదరింటి పాలు

రాజమణి బర్రె పొదుగు కడుగుతుంటే వెనక నుంచి మొగుడు బీరయ్య గొంతు వినబడింది. "చెంబు మంచిగ తోమినవా? పదిమంది జూస్తరు."

దబీర్‌పురా పాలవాళ్లు నిజాం సర్కారు కచేరీ మెట్లెక్కరు. తగవులన్నీ చౌదరే తీరుస్తాడు. ఇప్పటి చౌదరి బీరయ్య. ఇవాళ చౌదరిని ఎన్నుకునే రోజు, అతనికి ఎదురు నిలబడింది మైసయ్య. గల్లీ మొగదలలో ఇద్దరికీ చెరో గంగాళం పెడతారు. ఇంటి మగవాడు తనకు నచ్చినవాడి గంగాళంలో చెంబెడు పాలు పోయాలి; ఎవరి గంగాళంలో పాలు ఎక్కువుంటే వాడే చౌదరి. నిలబడినవాళ్లు మాత్రం చెంబు ముట్టకూడదు, వాళ్ల పాలు ఇంటి ఇల్లాలు పోస్తుంది. ఆమె ఇంకెక్కడ పోస్తుందిలే అనుకునే పెద్దలు ఆ నియమం పెట్టి ఉంటారు.

బీరయ్య చౌదరిగిరీ అంటే రాజమణికి ఆరని పొయ్యి. పెండ తీసి, పాలు పిండి, పత్తర్‌గట్టి బజారు దాకా మోసి వచ్చేసరికి అరుగు నిండా మనుషులు, వాళ్లందరికీ చాయ్, రొట్టెలు. నడుం పట్టేసిందంటే, "బర్రెలు గూడ గిట్లనే అంటున్నయా?" అని బీరయ్య నలుగురినీ నవ్వించాడు. "చౌదరి పెండ్లానివి, గా మాత్రం చెయ్యవా?" అంది అత్త. అవన్నీ మింగింది. మింగుడుపడనిది మొన్నటి తీర్పు. మొగుడు పోయిన పుష్పమ్మ బర్రెలను బీరయ్య ఆమె మరిదికి ఇప్పించాడు. "ఆడిదానికి బర్రెలెందుకు? మరిది ఇంత కూడు పెడ్తడు." దూడలప్పటి నుంచి వాటిని సాకింది పుష్పమ్మే. తాను గెలిస్తే ఆమె బర్రెలు ఆమెకే అన్నాడు మైసయ్య.

పొద్దెక్కింది. పెద్దమనిషి ఈశ్వరయ్య రెండు గంగాళాల్లోనూ కట్టె ముంచి చూశాడు. "సమానమున్నయ్. మైసయ్యకు ఇల్లాలు లేదు. చౌదరింటి పాలే మిగిలినయ్."

"ఇగ ఫికరేంది?" ఎవడో నవ్వాడు. "వదినె పోస్తది, మనం చాయ్ తాగుదం."

బీరయ్య తలపాగా సర్దుకున్నాడు. పుష్పమ్మ గోడవార తల దించుకుని నిలబడి ఉంది. ఇంటికి పోయాక తన వీపు ఏమవుతుందో రాజమణికి తెలుసు. చెంబు పట్టుకుని నడిచి మైసయ్య గంగాళం దగ్గర ఆగింది.

"అది గాదే, ఇటు," బీరయ్య ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

రాజమణి చెంబు వంచింది.

"పొరపాటైంది. మల్ల పోయించుండ్రి," అన్నాడు బీరయ్య, గొంతు మారి.

ఈశ్వరయ్య ఆమె వైపు చూశాడు. "పొరపాటా బిడ్డా?"

"లేదు మామా. పిండింది నేను, మోసింది నేను. యాడ పొయ్యాల్నో నాకెరుకే." పుష్పమ్మ వైపు తిరిగింది. "పలుపులు పట్టుకో, పుష్పమ్మా. బర్రెలు తోలుకొద్దం పా."

"ఇంటికి రా, చెప్త," అన్నాడు బీరయ్య వెనక నుంచి.

"బర్రెల గట్టేసినంక," అంది రాజమణి, నడక ఆపకుండా. "వస్తనో రానో అప్పుడు జూస్త."